2,000 లేబుళ్లే పెట్టించగలిగితే, ఏ డేటాకి పెట్టించాలి?

50,000 ఫిర్యాదుల్లో 2,000కే లేబుల్ (అది ఏ వర్గం ఫిర్యాదో మనిషి చూసి పెట్టే గుర్తు) పెట్టించగలను, వాటితో నేర్చుకునే మెషీన్ లెర్నింగ్ మోడల్ తడబడేవే ఏరి పంపితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నేను సరిగ్గా అదే చేసి చాలా రోజుల పని పోగొట్టుకున్నాను.

మాదీ ఫిర్యాదులను వర్గాలుగా విడదీసే పనే. ప్రతి విడతలో మోడల్ ఎటూ తేల్చుకోలేనివాటినే లేబులింగ్‌కి పంపాను. దీన్ని అన్‌సర్టెంటీ శాంప్లింగ్ అంటారు. లూయిస్, గేల్ 1994లోనే టెక్స్ట్ వర్గీకరణలో దీన్ని వాడి చూపించారు. పద్ధతిలో తప్పు లేదు. కానీ అలా వచ్చినవాటిని కూర్చుని చదివితే సగం మధ్యలో తెగిపోయినవి, తల తోక లేనివి. లేబుల్ పెట్టేవాళ్లే ఒకరొకటి, ఇంకొకరు ఇంకొకటి అన్నారు. మోడల్‌కి తెలియకపోవడం వేరు, ఆ వాక్యంలోనే విషయం లేకపోవడం వేరు. మొదటిదానికి లేబుల్ పనికొస్తుంది. రెండోదానికి ఎన్ని పెట్టించినా దండగే. మోడల్ సందేహాన్ని కొలిచే స్కోరులో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడే నేను మోసపోయాను.

పైగా ఒక విడతలో 200 తీస్తే చాలావరకు ఒకే ఫిర్యాదు, మాటలు మాత్రం కాస్త అటూ ఇటూ. తర్వాత్తర్వాత ఎంబెడింగులను (ఒక్కో ఫిర్యాదు అర్థాన్ని అంకెల వరుసగా మార్చినవి) క్లస్టర్లు, అంటే దగ్గరగా ఉన్నవాటి గుంపులు, చేసి, తడబడేవాటిలోనే ఒక్కో క్లస్టర్ నుంచి కొన్ని తీసుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. సేనర్, సవరేసే 2018లో చెప్పిన కోర్‌సెట్ పద్ధతి కూడా ఈ దారిలోదే: ఏరిన కొన్నీ మొత్తం డేటా అంతటా పరుచుకుని ఉండాలి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. మోడల్ జోలికి పోకముందే ర్యాండమ్‌గా ఓ 400 తీసి, లేబుల్ పెట్టించి, టెస్ట్‌కి దాచేయండి. వాటితో ట్రైనింగ్ చేయొద్దు. కష్టమైనవే ఏరుకుని వాటి మీదే పరీక్షిస్తే, ఆ అంకె రేపు రాబోయే ఫిర్యాదుల గురించి ఏమీ చెప్పదు. నేను దాచలేదు. అందుకే నా ఎంపిక ర్యాండమ్ కన్నా మెరుగో కాదో చివరికి తేల్చలేకపోయాను.

మిగిలిన 1,600లో మొదటి 300 కూడా ర్యాండమ్‌గానే తీయండి. ఏమీ నేర్వని మోడల్ సందేహాన్ని నమ్మలేం. అరుదైన వర్గం ఏదైనా ఉంటే మోడల్ కోసం చూడకుండా, కీవర్డ్‌లతో వెతికి కొన్ని చేర్చండి, టెస్ట్ సెట్‌లో మాత్రం కలపకండి. ఆ తర్వాత మోడల్ తడబడేవాటిని క్లస్టర్లవారీగా విడతకి 200 చొప్పున తీస్తూ, ప్రతిసారీ కొన్ని ర్యాండమ్‌వి కలుపుతూ వెళ్లండి.

లేబుల్ పెట్టేవాళ్లకి ‘చెప్పలేను’ అనే బటన్ తప్పకుండా ఇవ్వండి. ఏ విడతలోనైనా అది ఎక్కువగా నొక్కుతున్నారంటే అక్కడే ఆగి, పంపినవాటిని మీరే ఓసారి చదవండి.