ఫోన్ పెట్టేసిన తరువాత

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో హెల్ప్‌లైన్ సమన్వయ బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. వైద్యారోగ్య శాఖ లెక్కల విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి కనుక వైద్యం గురించి నేను చెప్పగలిగింది లేదు గానీ, ప్రభుత్వ సేవలు ఎక్కడ తెగిపోతాయో దగ్గరగా చూశాను.

2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ మొదలైన నాటి నుంచి 14416కు ఎవరైనా ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మొదట కౌన్సిలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, నేరుగా చూడవలసిన వారిని జిల్లా కార్యక్రమానికో బోధనాసుపత్రికో పంపుతారు. తెగేది ఈ చివరి ముడి దగ్గరే. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి వెళ్లండి అని చెప్పి ఊరుకోకుండా, ఓపీ ఏ రోజు, ఏ గది, ఎవరిని అడగాలి అన్నవి కూడా చెప్పించు. ఆ మనిషి ఒప్పుకుంటే మరునాడు మళ్లీ ఫోన్ చేసి, వెళ్లారా అని అడిగించు. కూలి మానుకుని పల్లె నుంచి వచ్చినవాడు డాక్టరు లేని రోజున వెనుదిరిగితే, మళ్లీ ఆ నంబరుకు ఫోన్ చేస్తాడని నేను అనుకోను.

ఇక డబ్బు సంగతి. జాతీయ ఆరోగ్య మిషన్‌లో సాధారణంగా కేంద్రం వాటా 60 శాతం, మన రాష్ట్రం వాటా 40 శాతం. ఖర్చు చేసిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రాలు వేళకు వెళ్లకపోతే తరువాతి విడత కదలదు. నా సర్వీసులో ఒక కార్యాలయంలో ఆ కాగితాలు ఆలస్యమై కాంట్రాక్టు ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు అందలేదు. పని తెలిసినవారే ముందుగా వెళ్లిపోయారు. హెల్ప్‌లైన్‌లో అలా జరిగితే ముందు ఖాళీ అయ్యేది రాత్రి షిఫ్టు, మనిషికి తోడు ఎక్కువగా కావలసిన వేళ అది. అందుకని పోస్టర్లకూ ప్రారంభ సభలకూ పెట్టే ఖర్చు కన్నా ముందు జీతాల పద్దు చూసుకో.

ప్రాణాపాయం ఉందనిపించినప్పుడు 108కి ఎవరు చెప్పాలి, 112కి ఎవరు చెప్పాలి అన్నది ముందే కాగితం మీద రాయించి, అంబులెన్సు వారినీ పోలీసు స్టేషన్ల వారినీ స్వయంగా కలిసి రా. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, మరోలా రుజువైతే తప్ప విచారించి శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. చికిత్స, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదే. కొత్తగా వచ్చిన ప్రతి ఎస్‌ఐకీ ఈ మాట ఓపికగా చెప్పు. కేసు భయంతో ఫోన్ చేయని కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి, తల్లీ.

ఇంటర్ ఫలితాల వారానికీ, మిర్చి ధర పడిపోయిన రోజులకూ అదనపు మనుషులను ముందే అడిగి పెట్టుకో. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీసిన తరువాత సింగ్‌నగర్‌లో ఇళ్లు కడుక్కున్నవారి దిగులు నీళ్లతో పోలేదు.

వచ్చే ఏడాది ప్రతిపాదనలు సిద్ధం కాగానే ఒక ఆదివారం పట్టుకుని రా. జీతాల పద్దు ఇద్దరం కలిసి కూర్చుని చూద్దాం.

నీ పెదనాన్న