యాసిడ్ తాగిన గొంతుకు మత్తు ఇచ్చే ముందు

అమ్మా,

బాత్‌రూమ్ యాసిడ్ తాగిన ఆ అమ్మాయికి, కాలిపోయిన అన్నవాహిక బదులు పెద్దపేగును పైకి తెచ్చి కలిపే ఆపరేషన్ వచ్చే వారమని, నీకు టెన్షన్‌గా ఉందని రాశావు. ఉండాల్సిందే. సర్జన్ ధ్యాసంతా అన్నవాహిక మీదే ఉంటుంది. దాని పైనున్న గొంతు సంగతి చూసుకోవాల్సింది మత్తు ఇచ్చే నువ్వే.

యాసిడ్ లోపలికి దిగుతూ ఎపిగ్లాటిస్‌ను, అంటే మింగేటప్పుడు ఊపిరి దారిని కప్పే మూతను, దాని చుట్టుపక్కల పొరల్ని కాల్చేస్తుంది. మొదట్లో వాపు, బొంగురు గొంతు, ఊపిరి పీలిస్తే కూత. అవి తగ్గేసరికి గండం గడిచిందనుకుంటారు. కానీ సుమారు 3 వారాల నుంచి మచ్చ బిగుసుకోవడం మొదలై నెలల తరబడి సాగుతుంది. అందుకే పోయినసారి ఊపిరి గొట్టంలోకి ట్యూబ్ సులువుగా పడిందని కేస్ షీట్‌లో ఉన్నా దాన్ని నమ్ముకోకు. ఇవాళ్టి గొంతు ఎలా ఉందో ఇవాళే చూడాలి.

వార్డుకెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చో. మాట్లాడించి గొంతు విను. వెల్లకిలా పడుకోగలుగుతోందా, రాత్రిళ్లు ఊపిరాడక లేస్తోందా అడుగు. నాలుక చాపమను. మచ్చ నాలుక మొదలును పట్టేసి ఉంటే పూర్తిగా బయటికి రాదు. మంచం పక్కన ఉమ్మే డబ్బా చూడు. అది నిండుతూ ఉందంటే లాలాజలం కూడా దిగడం లేదన్నమాట. అలాంటి మనిషిని 8 గంటలు పస్తుంచినా కడుపు ఖాళీ అనుకోవద్దు. అన్నవాహికలో మచ్చ బిగిసి ఇరుకైన చోటుకు పైన నిలిచిపోయిన ద్రవం మత్తు ఎక్కగానే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దాన్ని లాగేద్దామని ముక్కులోంచి గొట్టం గుడ్డిగా తోస్తే అన్నవాహికకు చిల్లు పడొచ్చు.

తర్వాత ఈఎన్‌టీ వాళ్లతో, మెలకువగా ఉండగానే, సన్నటి స్కోపు (కెమెరా గొట్టం) వేయించి నీ కళ్లతో చూడు. ఎపిగ్లాటిస్ మొండిలా ముడుచుకుని వెనక గోడకు అతుక్కుపోయి, మధ్యలో చిన్న కంత మిగిలి ఉండొచ్చు. ఆ గొంతులో లారింజియల్ మాస్క్ (ఊపిరి దారి పైన కూర్చోబెట్టి గాలి అందించే సాధనం) సరిగ్గా కూర్చోదు. అంటే మనం ఆపదలో నమ్ముకునే దారి కూడా మూసుకుపోయినట్టే. కంత కాస్త వెడల్పుగా ఉంటే మెలకువలోనే బ్రాంకోస్కోప్ (ఊపిరి దారిలోకి వేసే స్కోపు) మీదుగా ట్యూబ్ వెయ్. మరీ సన్నదైతే ఆ స్కోపే సీసాకు బిరడాలా దాన్ని మూసేస్తుంది. అప్పుడు ఆ చోటు వరకే మొద్దుబారేలా లోకల్ మత్తు ఇచ్చి, మెలకువలోనే ట్రకియాస్టమీ (మెడకు రంధ్రం పెట్టి ఊపిరి గొట్టంలోకి దారి చేయడం) చేయించు. ఊపిరి దారి చేతికి దొరికేదాకా కండరాలు సడలించే మందు ముట్టుకోకు, ఎవరు తొందరపెట్టినా సరే.

ట్రకియాస్టమీ తప్పకపోతే, మెడకు రంధ్రం పెడతారని, కొన్నాళ్లు మాట రాదని ఆ పిల్లకు ముందే నెమ్మదిగా చెప్పు. ఎందుకు తాగావని గుచ్చి గుచ్చి అడగకు. మానసిక వైద్యులు చూశారో లేదో మాత్రం కనుక్కో.

నెలలుగా పేగులోకి పెట్టిన గొట్టంలో పోసిన ద్రవాల మీదే బతికిన ఒళ్లు కదా, రక్తంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్), పొటాషియం చూసుకుని మందుల మోతాదు తగ్గించు. ట్యూబ్ తీసేటప్పుడూ వేసినప్పటంత జాగ్రత్త కావాలి. ఆపరేషన్‌లో వాపు పెరిగి ఉంటుంది.

పైకి తెచ్చిన పేగుకు తిన్నది వెనక్కి రాకుండా ఆపే కవాటం ఉండదు. ఇక ముందు ఏ ఆపరేషన్‌కు మత్తు ఇచ్చినా కడుపు నిండి ఉన్నట్టే లెక్క. ఆ మాటా, స్కోపులో నువ్వు చూసిందీ డిశ్చార్జి కాగితంలో రాయి. ఒక కాపీ వాళ్లమ్మ చేతికివ్వు.