జర్మనీలో రగ్బీ ఆటగాడు కోచ్‌గా మారితే జీవితం ఎలా ఉంటుంది?

మీరు అడిగినవి రెండు. జర్మనీలో రగ్బీ ఆడి మానేసినవాళ్ళకు కోచింగ్ కడుపు నింపే ఉద్యోగమేనా? ఆటగాడు కోచ్ కావాలంటే ఏం చేయాలి?

మొదటిదానికి జవాబు చిన్నది: చాలామందికి కాదు. పగలు వేరే ఉద్యోగం, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసు, వారాంతంలో మ్యాచ్. పై స్థాయి లీగ్ రగ్బీ బుండెస్‌లీగా 1971 నుంచి నడుస్తోంది. ఫుట్‌బాల్ బుండెస్‌లీగాతో పోలిక పేరు వరకే, డబ్బులో లేదు. ఆట ప్రధానంగా హైడల్‌బర్గ్, హనోవర్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ లాంటి కొన్ని ఊళ్ళ చుట్టూ తిరుగుతుంది. బెర్లిన్ నుంచి హనోవర్‌కు మ్యాచ్ ఆడటానికి వెళ్ళాలంటే ఒక వైపే 280 కిలోమీటర్ల పైచిలుకు. బస్సు మాట్లాడటం, జెర్సీలు ఉతికించడం, చివరి నిమిషంలో రానన్నవాడికి బదులు ఇంకొకణ్ణి వెతకడం కూడా చాలా క్లబ్బుల్లో కోచ్ నెత్తినే పడతాయి.

జీతం ఇచ్చే కోచ్ ఉద్యోగాలు ఎక్కువగా సెవెన్స్ (జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ) వైపు ఉన్నాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ చేరడంతో దానికి ప్రభుత్వ క్రీడా నిధులు అందాయి, కొందరు ఆటగాళ్ళకు సైన్యంలో క్రీడాకారుల కోటా దొరికింది. శిక్షణ కేంద్రం హైడల్‌బర్గ్‌లో. (2025లో మన హైదరాబాద్ హీరోస్ ఆడిన రగ్బీ ప్రీమియర్ లీగ్ చూసినవాళ్ళకు ఈ ఏడుగురి ఆట తెలిసే ఉంటుంది.) పదిహేను మంది ఆట ఒలింపిక్స్‌లో లేదు కాబట్టి ఆ నిధులు అటు రావు. అక్కడ డబ్బు ఎంత గాలివాటమో 2017లో బయటపడింది. కాప్రి సన్ అనే పండ్ల పానీయం కంపెనీ యజమాని హాన్స్ పేటర్ విల్ట్ నడిపిన అకాడమీ మీదే జాతీయ జట్టు బతికింది. ఆయనకూ జర్మన్ రగ్బీ సమాఖ్యకూ చెడేసరికి చిలీతో మ్యాచ్‌కు ప్రధాన ఆటగాళ్ళు బరిలోకి దిగలేదు. కోచ్ కావాలనుకునేవాడు ముందు తెలుసుకోవాల్సింది ఇదే: జీతం ఒక్క దాత జేబులోంచి వస్తుంటే చేతిలో ఇంకో పని ఉంచుకోవాలి.

జాతీయ జట్టు పగ్గాలు కూడా చాలాకాలం బయటివాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. 2018 నవంబరులో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ప్రపంచ కప్ చివరి అర్హత పోటీలకు జట్టును తీసుకెళ్ళింది ఇంగ్లాండ్‌కు చెందిన మైక్ ఫోర్డ్. హాంకాంగ్ మీద 26-9, కెన్యా మీద 43-6తో గెలిచినా, కెనడా చేతిలో 10-29తో ఓడి బెర్తు పోగొట్టుకున్నారు. తర్వాత ఆ కుర్చీ జర్మనీ మాజీ ఆటగాడు మార్క్ కూల్‌మన్‌కు దక్కింది. మరో జర్మన్ ఆటగాడు రాబర్ట్ మోర్ దారి ఇంకో రకం. హనోవర్‌లో మొదలై, ఫ్రాన్స్‌లో లా రోషెల్ జట్టుకు కెప్టెన్‌గా ఎదిగి, హైడల్‌బర్గ్ అకాడమీలో పనిచేసి, మళ్ళీ లా రోషెల్ యాజమాన్యంలో చేరాడు. ఆటనే వృత్తి చేసుకోవాలంటే చాలామందికి ఫ్రాన్స్ సరిహద్దు దాటక తప్పదు.

ఇక రెండో ప్రశ్న. కోచ్ లైసెన్సులు జర్మన్ ఒలింపిక్ క్రీడా సమాఖ్య చట్రంలో ఉంటాయి. మొదటి మెట్టు సి లైసెన్స్‌కు 120 పాఠ్య యూనిట్లు. యూనిట్ అంటే 45 నిమిషాలు, అంటే మొత్తం 90 గంటలు. దాని పైన బి కి 60, ఏ కి 90. ఆ పైన కొలోన్ కోచ్ అకాడమీ డిప్లొమా. సి, బి లైసెన్సులు నాలుగేళ్ళు, ఏ రెండేళ్ళు చెల్లుతాయి. పొడిగించాలంటే కనీసం 15 యూనిట్ల పునశ్చరణ. ప్రథమ చికిత్స కోర్సు సర్టిఫికెట్ మరీ పాతదైతే ఒప్పుకోరు. పిల్లలకు నేర్పేవాళ్ళు విస్తృత పోలీసు ధ్రువపత్రం తేవాలి. క్లబ్ ఉత్తరం పట్టుకుని పౌరసేవా కార్యాలయానికి వెళ్తే స్వచ్ఛంద సేవకులకు ఉచితం. కోచింగ్‌కు క్లబ్ ఇచ్చే చిన్న పారితోషికం మీద పన్ను మినహాయింపు ఉంది. ఆ పరిమితిని 2021లో ఏడాదికి 3000 యూరోలకు, 2026లో 3300 యూరోలకు పెంచారు. అది నెలకు 275 యూరోలు, పెట్రోలు ఖర్చుకు సరిపోతే గొప్ప.

కాగితాలు కష్టం కాదు. తనలోని ఆటగాణ్ణి పక్కన పెట్టడమే కష్టం.

అన్నిటికన్నా ఎక్కువ చెడేది స్క్రమ్ దగ్గర, అంటే రెండు జట్ల ఎనిమిదేసి మంది వంగి, భుజాలు ఆనించి ఒకరినొకరు నెట్టుకునే చోట. జర్మన్‌లో దాన్ని గెడ్రేంగ అంటారు. 2013కు ముందు ప్రాప్‌గా (స్క్రమ్ ముందు వరుసలో అటూ ఇటూ ఉండేవాడు) ఆడినవాడికి స్క్రమ్ అంటే దూరం నుంచి ఒక్కసారిగా ఢీకొనడం. ఆ ఏడాది నుంచి పిలుపు 'వంగు, పట్టుకో, కలువు'గా మారింది. రెండో పిలుపుకే ప్రాప్‌లు ఎదుటివాడి జెర్సీని పట్టేస్తారు కాబట్టి ఢీ తగ్గి, కలిశాక నెట్టే బలం ముఖ్యమైంది. పాత ప్రాప్ కోచ్ అయితే ఇప్పటికీ 'కొట్టు' అని అరుస్తాడు. కుర్రాళ్ళు ఆత్రంగా ముందుకు పడతారు, పాదాలు వెనకే ఉండిపోతాయి, భుజాలు నడుముకన్నా కిందికి వెళ్ళి స్క్రమ్ కూలుతుంది. మెడకు ప్రమాదం వచ్చేది అక్కడే. నేర్పే వరుస ఇలా ఉండాలి: ముందు ఒకడితో ఒకడు, చేతులూ మోకాళ్ళ మీద, వీపు చదునుగా, చూపు ముందుకు. తర్వాత ముగ్గురితో ముగ్గురు, అయిదుగురితో అయిదుగురు, చివరికి ఎనిమిది మంది. ఒక మెట్టు కుదరకుండా పై మెట్టు వద్దు. 19 ఏళ్ళ లోపు ఆటలో ఒకటిన్నర మీటరు మించి నెట్టకూడదన్న నియమం కూడా మొదటి రోజే చెప్పాలి.

స్క్రమ్ ముందు వరుసలో ఆడగలవాళ్ళ లెక్క ఇంకో తలనొప్పి. మార్పు ఆటగాళ్ళతో కలిపి జట్టులో 15 మందే ఉంటే ముగ్గురు, 16 నుంచి 18 వరకు నలుగురు, 19 నుంచి 22 వరకు అయిదుగురు, 23 మంది ఉంటే ఆరుగురు శిక్షణ పొందినవాళ్ళు ఉండాలి. శనివారం ఒక హుకర్‌కు (ముందు వరుసలో మధ్యవాడు) ఉద్యోగంలో షిఫ్ట్ పడిందంటే నెట్టకుండా స్క్రమ్ ఆడాల్సి రావచ్చు. అందుకే ప్రతి సీజన్ మొదట్లో స్క్రమ్ వెనక వరుసలో (బ్యాక్‌రో) ఆడే ఇద్దరు లావుపాటి కుర్రాళ్ళను ప్రాప్‌గా తయారుచేసి పెట్టుకోండి, అవసరం వచ్చాక కాదు.

టాకిల్‌లో (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) తప్పు సాధారణంగా పాదం దగ్గర మొదలవుతుంది. ముందు పాదం బంతి ఉన్నవాడికి దూరంగా పడితే, టాకిల్ చేసేవాడు అందుకోవడానికి దూకుతాడు. దూకితే తల దిగుతుంది, వెళ్ళి మోకాలికి తగులుతుంది. 'తల పైకి' అని ఎంత అరిచినా లాభం లేదు, పాదం దగ్గరికి రావాలి. నేర్పే వరుస: మోకాళ్ళ మీద, తర్వాత ఒక మోకాలి మీద, తర్వాత నడుస్తూ, తర్వాత అయిదు మీటర్ల వెడల్పు సందులో పరుగుతో. ప్రతి మెట్టులో రెండు భుజాలతోనూ చేయించాలి. కుడివైపు మాత్రమే బాగా వచ్చినవాడు మ్యాచ్‌లో ఎడమవైపు తల తప్పుడు పక్కన పెడతాడు.

మాజీ ఫార్వర్డ్ (స్క్రమ్‌లో నెట్టే ఎనిమిది మందిలో ఒకడు) కోచ్ అయితే ప్రాక్టీసంతా ఢీకొట్టించడమే అవుతుంది. ఆటే వృత్తిగా ఉన్నవాళ్ళకే వారానికి పూర్తి కాంటాక్ట్ (ఢీకొనే సాధన) 15 నిమిషాలు, అదుపులో ఉన్న కాంటాక్ట్ 40 నిమిషాలు, స్క్రమ్‌లూ లైనౌట్‌లూ (బయటికి పోయిన బంతిని రెండు వరుసల మధ్య విసరడం) కలిపి 30 నిమిషాలు మించొద్దని ప్రపంచ సమాఖ్య వరల్డ్ రగ్బీ 2021లో సూచించింది. పగలంతా ఆఫీసులో కూర్చుని వచ్చినవాళ్ళకు అంతకన్నా ఎక్కువ పెడితే ఎలా? గంట స్క్రమ్ చేయించి, అందులో లేని బ్యాకులను నవంబరు చలిలో నిలబెడితే తొడ కండరాలు పట్టేస్తాయి. జట్టును రెండుగా విడగొట్టి, 20 నిమిషాలకోసారి మార్చండి. 24 మంది వస్తామని చెప్పి 13 మంది వస్తారు, కాబట్టి ప్రతి డ్రిల్‌కూ ఆరుగురితో నడిచే రూపం ఒకటి జేబులో ఉండాలి.

ఆడుతూ కోచ్‌గా ఉండటం నేను ఎవరికీ చెప్పను. రక్‌లో (నేల మీది బంతి కోసం నెట్టుకునే గుంపు) తల దించినవాడికి మైదానం అవతలి అంచున ఖాళీ కనపడదు. పైగా నిన్నటిదాకా పక్కన బీరు తాగినవాణ్ణి ఈ రోజు జట్టులోంచి తీసేయాలి. అది గురువారం ప్రాక్టీసు అయ్యాక, ఎదురుగా నిలబడి, ఒక్క కారణంతో చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో పెడితే అతను మళ్ళీ రాడు.

తలకు దెబ్బ తగిలితే స్నేహం అక్కర్లేదు. అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. 'బాగానే ఉన్నా' అన్నది లక్షణం లేకపోవడం కాదు. వైద్య నిపుణుల పర్యవేక్షణ లేని క్లబ్ ఆటగాడు 21 రోజుల లోపు మ్యాచ్‌కు రాకూడదన్నది ఇప్పటి మార్గదర్శకం. తేదీని కోచే నోట్‌బుక్‌లో రాసుకోవాలి, ఆటగాడు గుర్తుపెట్టుకోడు.

హైడల్‌బర్గ్‌లో చదువుతున్నానని రాశారు కదా, మీకు మొదటి మెట్టు లైసెన్స్ కాదు. దగ్గరి క్లబ్‌లో పదేళ్ళ లోపు పిల్లల ప్రాక్టీసుకు వెళ్ళి, కోన్లు పెట్టడానికి సాయం చేస్తానని అడగండి. లైసెన్స్ కోర్సుల పాఠాలు జర్మన్‌లోనే ఎక్కువ, కాబట్టి బి1 స్థాయి (మధ్యస్థం) జర్మన్ వచ్చాక పేరు ఇవ్వండి. అప్పటిదాకా మూడు మాటలు వస్తే పిల్లలతో నెట్టుకురావచ్చు: స్క్రమ్‌కు గెడ్రేంగ, లైనౌట్‌కు గాస్సె, టాకిల్‌కు టీఫ్‌హాల్టన్.