యూకేలో ఫోన్ నెట్‌వర్క్ మారుతున్నారా? ముందు కాన్సిల్ మాత్రం చేయకండి

యూకేకి వచ్చి కొన్ని నెలలైన మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "కాంట్రాక్ట్‌లో ఉన్నాను, వేరే నెట్‌వర్క్‌కి మారితే ఎంత కట్టాలి?" కొందరైతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కాన్సిల్ చేయమని చెప్పేశాక అడుగుతారు, అప్పుడు నిజంగా బాధేస్తుంది. ఇక్కడ ఏ పని ముందు చేశారు, ఏది తర్వాత చేశారు అన్నదాన్ని బట్టే డబ్బు మిగలడమైనా పోవడమైనా.

ఇండియాలో మనలో చాలామందిమి ప్రీపెయిడ్‌కి అలవాటు పడినవాళ్లం, అందుకే ఎగ్జిట్ ఫీజు అనేది ఒకటి ఉంటుందని ముందు తట్టదు. ఇక్కడ నెలనెలా కట్టే కాంట్రాక్ట్‌లకి చాలావరకు 12 లేదా 24 నెలల కనీస గడువు ఉంటుంది. గడువు లోపల వెళ్లిపోతే మిగిలిన నెలల డబ్బు, కొన్ని కంపెనీలు కాస్త తగ్గించినా, ఒకేసారి అడుగుతారు. గడువు దాటాక వెళ్తే ఆ ఫీజు ఉండదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీ గడువు ఎప్పుడు ముగుస్తుందనేది.

దానికి ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మీ ఫోన్ నుంచే ఐ, ఎన్, ఎఫ్, ఓ అన్న నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు టైప్ చేసి 85075కి మెసేజ్ పెట్టండి. ఉచితం. ఈ రోజు వెళ్లిపోతే ఎంత కట్టాలో జవాబులో ఉంటుంది. ఇంత అడిగినంత మాత్రాన మీరు దేనికీ ఒప్పుకున్నట్టు కాదు. గడువు ముగియడానికి 10 నుంచి 40 రోజుల ముందు కంపెనీయే మీకు తెలియజేయాలన్న నిబంధన కూడా 2020 ఫిబ్రవరి నుంచి ఉంది, ఆ మెసేజ్‌ని ప్రకటన అనుకుని డిలీట్ చేసేయకండి.

ఇంకా రెండు మూడు నెలలు ఉంటే? చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. మీరు నెలకి 20 పౌండ్లు కడుతున్నారు, 3 నెలలు మిగిలింది, 10 పౌండ్ల ఆఫర్ ఒకటి కనిపించింది అనుకుందాం. ఉండిపోతే ఆ మూడు నెలలకి 60. ఇప్పుడే వెళ్తే పాత కంపెనీకి దాదాపు 60, పైగా కొత్త కంపెనీకి 30. ఫీజులో పెద్ద తగ్గింపు ఇస్తే తప్ప తొందరపడి వెళ్లడం వల్ల లాభం లేదు, ఓపిక పట్టడమే మంచిది. సిగ్నలే అందడం లేదంటే అది వేరే సంగతి, అప్పుడు ఫీజు లేకుండా వదిలేయమని కంప్లైంట్ పెట్టి గట్టిగా అడగండి.

గడువు అయిపోయింది, మారదామనుకున్నారు. ఇప్పుడు పీ, ఏ, సీ అన్న మూడు అక్షరాలు 65075కి పంపండి, మామూలుగా నిమిషంలోపే ఒక కోడ్ వస్తుంది, దాన్నే ఇక్కడ ప్యాక్ కోడ్ అంటారు. 30 రోజులు పనిచేస్తుంది. ఆ కోడ్ కొత్త కంపెనీకి ఇస్తే సాధారణంగా మరుసటి పనిదినానికి మీ నంబర్ అక్కడికి వెళ్తుంది, పాత కాంట్రాక్ట్ దానంతటదే ముగుస్తుంది. వాడకుండా వదిలేస్తే ఏమీ జరగదు, పాతదే నడుస్తుంది. నంబర్ అక్కర్లేదు, కొత్తది చాలు అనుకుంటే ఎస్, టీ, ఏ, సీ అని 75075కి పంపాలి.

ఈ కోడ్‌తోనే మారమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, పాత రోజుల్లో వెళ్లేవాళ్లు 30 రోజుల నోటీస్ డబ్బు కూడా కట్టేవాళ్లు, కొత్త ప్లాన్ మొదలైనా పాతదానికి కడుతూనే ఉండాల్సి వచ్చేది. 2019 జూలై 1 నుంచి, నంబర్ మారిన రోజు తర్వాతి కాలానికి నోటీస్ డబ్బు తీసుకోకూడదని ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిషేధించింది. కానీ కోడ్ లేకుండా ఫోన్ చేసి ఊరికే కాన్సిల్ చేస్తే ఆ రక్షణ వర్తించదు, నోటీస్ డబ్బు పడొచ్చు, నంబర్ కూడా పోవచ్చు. ఆ నంబర్‌కే మీ బ్యాంకు ఓటీపీలన్నీ వస్తాయని మర్చిపోకండి. ఇండియాకి శాశ్వతంగా వెళ్లిపోయేవాళ్లు కూడా, గడువు అయిపోయి ఉంటే, కాన్సిల్ చేసే బదులు వేరే కంపెనీ పే యాజ్ యూ గో సిమ్‌లోకి, అంటే మన ప్రీపెయిడ్ లాంటిదానిలోకి, ఈ కోడ్‌తోనే నంబర్ మార్చుకుని వెళ్లండి, నోటీస్ గొడవ ఉండదు, నంబరూ ఉంటుంది. కాకపోతే ఆ సిమ్‌ని వాడకుండా చాలా నెలలు వదిలేస్తే కంపెనీ ఆపేస్తుంది, ఎన్ని నెలలో ముందే చూసుకోండి.

శుక్రవారం సాయంత్రం కోడ్ ఇస్తే సోమవారం లోపు పని అవ్వదు. మారే రోజు కొన్ని గంటలు ఫోన్ పనిచేయకపోవచ్చు కాబట్టి ఇంటి అద్దె కట్టే రోజునో, వీసా అప్లికేషన్ పెట్టే రోజునో పెట్టుకోకండి, టెన్షన్.

హ్యాండ్‌సెట్ కూడా వాయిదాల మీద తీసుకుని ఉంటే, కొన్ని కంపెనీల్లో ఆ అప్పుకి విడిగా ఒప్పందం ఉంటుంది. సిమ్ మారినా ఆ బాకీ తీర్చాల్సిందే, అది ఎగ్జిట్ ఫీజు కాదు. 2021 డిసెంబర్ నుంచి ఒకే నెట్‌వర్క్‌కి లాక్ చేసిన ఫోన్లు కంపెనీలు అమ్మకూడదు గానీ, అంతకుముందు అమ్మినది సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటే కొత్త సిమ్ పడుతుందో లేదో ముందే చూసుకోండి.

ఆఖరి బిల్లు వచ్చేదాకా డైరెక్ట్ డెబిట్, అంటే మీ బ్యాంకు ఖాతా నుంచి బిల్లు దానంతటదే కట్టే ఏర్పాటు, ఆపకండి. చిన్న మొత్తమే కదా అని వదిలేసిన బాకీ డిఫాల్ట్ అయితే, అంటే కట్టలేదని నమోదైతే, అది క్రెడిట్ ఫైల్‌లో (మీ అప్పుల రికార్డులో) 6 సంవత్సరాలు ఉంటుంది, ఇక్కడ క్రెడిట్ హిస్టరీ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన మనలాంటి వాళ్లకి అది చాలా పెద్ద దెబ్బ, రేపు ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు తెలుస్తుంది.

ఇంకా ఏ సిమ్ తీసుకోలేదంటే నా మాట వినండి, మొదటి సంవత్సరం 24 నెలల కాంట్రాక్ట్ జోలికి పోవద్దు. గిఫ్‌గాఫ్, స్మార్టీ, వాక్సీ లాంటి నెట్‌వర్క్‌లలో నెల నెలా నడిచే సిమ్‌లు దొరుకుతాయి, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. ఉద్యోగం ఏ ఊళ్లో స్థిరపడుతుందో, ఆ ఇంట్లో ఏ సిగ్నల్ వస్తుందో తెలియకుండానే రెండేళ్లకి ఎందుకు ఇరుక్కోవడం? ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో ఇప్పటికే తీసుకుని ఉంటే 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంది, వాడినంతకి కడితే చాలు. షాపులో కొన్నదానికి చట్టప్రకారం ఆ హక్కు లేదు.

అన్నీ సరిగ్గా చేసినా ఆఖరి బిల్లులో ఎగ్జిట్ ఫీజు కనిపిస్తే, 85075 నుంచి వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ పెట్టి రాతపూర్వకంగా కంప్లైంట్ చేయండి. వాళ్లు తేల్చకపోతే ఓంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు తీర్చే స్వతంత్ర సంస్థకి, వెళ్లొచ్చు, దానికి మీరు పైసా కట్టక్కర్లేదు.