మోడల్ రైలు ఫ్లాట్‌కార్ డెక్ ఎంత రంగేసినా బొమ్మలాగే ఉంటోందా? ముందు ఆ బ్రౌన్ మానెయ్యండి

ఫ్లాట్‌కార్ (గోడలూ పైకప్పూ లేని గూడ్స్ బండి) డెక్‌కి, అంటే పైనుండే పలకల నేలకి, బ్రౌన్ వేసా, పైన రస్ట్ పూసా, అయినా ప్లాస్టిక్ బొమ్మలానే ఉంది అన్నారు కదా, నా మొదటి మూడు ఫ్లాట్‌కార్లూ అచ్చం అలాగే తగలడ్డాయి అండి. తప్పంతా ఆ బ్రౌన్‌దే. ఎండా వానల్లో ఏళ్ళ తరబడి పడున్న చెక్కని ఒకసారి దగ్గరికెళ్ళి చూడండి, బ్రౌన్ ఎక్కడుంటుంది? చెక్కలో పీచుని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండ విరిచేస్తుంది, వాన దాన్ని కడిగేస్తుంది, పైన మిగిలేది బూడిద రంగు పీచు మాత్రమే.

నేనిప్పుడు చేసేది ఏంటంటే, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి బాగా ఆరాక గ్రే ప్రైమర్, దాని మీద లేత బూడిదలో కాస్త గోధుమ రంగు కలిపిన అక్రిలిక్ పల్చగా ఒక కోటింగ్. తర్వాత అసలు పని, అదే రంగులో కొంచెం తెలుపు, కొంచెం నలుపు, కొంచెం గోధుమ కలిపి మూడు నాలుగు షేడ్లు చేసుకుని సన్న బ్రష్‌తో అక్కడో పలక ఇక్కడో పలక వేసుకుంటూ పోవడమే. షేడ్ల మధ్య తేడా కనీకనిపించకుండా ఉండాలి, నేను ఒకసారి ఉత్సాహం ఎక్కువై వేస్తే చదరంగం బల్లలా తయారైంది. ఈమధ్యే మార్చిన కొత్త చెక్క అన్నట్టు లేత పసుపుగా ఒకటో రెండో పలకలు ఉంటే బాగుంటుంది, అంతకుమించి వద్దు.

అక్రిలిక్ ఒక రోజంతా ఆరనిచ్చి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నాలుగు చుక్కల ఇండియన్ ఇంక్ కలిపి డెక్ మీద పారిస్తే పలకల సందుల్లోకి అదే దిగిపోతుంది, బ్రష్‌తో రుద్దకండి, రుద్దితే ఆల్కహాల్‌కి కింద పెయింట్ లేచొస్తుంది. ఇక్కడే నాకు గట్టి దెబ్బ తగిలింది. ముందు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టేసి ఆ తర్వాత ఈ వాష్, అంటే పల్చటి ఇంక్ నీళ్ళు, వేసా, కాసేపటికి డెక్ అంతా బూజు పట్టినట్టు తెల్లగా అయిపోయింది, ఇంక కార్ పోయింది అనుకుని పక్కన పడేసా. మర్నాడు ఏమైతే అదైంది అని అదే వార్నిష్ ఇంకోసారి పల్చగా కొడితే తెలుపు దాదాపు అంతా పోయింది! అప్పట్నుంచి ఇంక్ ముందు, వార్నిష్ తర్వాత, పొడి రంగులు ఆఖర్న. పొడి మీద మళ్ళీ వార్నిష్ కొడితే సగం పొడి మాయమైపోతుంది, అందుకే నేను కొట్టను, కార్‌ని అంచులు పట్టుకుని తీస్తా.

పక్కల అక్షరాలు డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అతికించే పల్చటి స్టిక్కర్లు) అయితే ఆల్కహాల్ అటు పోనివ్వకండి, అక్కడ నీళ్ళతో చేసిన వాష్ చాలు. రస్ట్ విషయంలో అందరూ నారింజ రంగు పులిమేస్తారు, పాత తుప్పు ముదురు చాక్లెట్ రంగులో ఉంటుంది, నారింజ కొత్త గీతల దగ్గరే. ఇంకోటి, హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు బండిలో 87వ వంతు సైజులో, ఒక అడుగు అంటే 3.5 మిల్లీమీటర్లు, అంటే మీరు 2 మిల్లీమీటర్ల తుప్పు చార గీస్తే అసలు బండి మీద అది దాదాపు ఏడంగుళాలు. అందుకే స్టేక్ పాకెట్ల (డెక్ అంచుల్లో గుంజలు దిగేసే గూళ్ళు) కింద వెంట్రుకంత గీతలే.

ట్రక్కులకి, అంటే కింద చక్రాలుండే భాగానికి, మట్టి రంగు కొట్టేస్తే సరిపోతుంది, ఎవరూ అంత చూడరు. కాకపోతే చక్రం పట్టాని తాకే చోటా, యాక్సిల్ మొనలకీ రంగు అంటకూడదు, బండినీ బండినీ కలిపే కప్లర్ లోపల అసలే వద్దు, బిగుసుకుపోతుంది. కావాలంటే కప్లర్‌కి గ్రాఫైట్ పొడి వెయ్యండి.

మీరు వేసేసిన బ్రౌన్ గీకక్కర్లేదు. లేత బూడిద రంగు బ్రష్‌కి అద్ది, కాయితం మీద దాదాపు పొడిగా అయ్యేదాకా తుడిచేసి, పలకల పొడవునా పైపైన లాగండి, సందుల్లో బ్రౌన్ అలాగే ఉండనివ్వండి. ముందు ఒక మూల చేసి చూసి ఫోటో పెట్టండి.