కరేబియన్ క్రూజ్: షిప్ వాళ్ల టూర్ తీసుకోవాలా, మనమే తిరగాలా?

థాంక్స్‌గివింగ్ దాటిందంటే అమెరికాకి కొత్తగా వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "అంకుల్, క్రూజ్ బుక్ చేశాం. షోర్ ఎక్స్‌కర్షన్లు, అదే ఓడ ఆగినచోట దిగి తిరిగే టూర్లు, షిప్ వాళ్ల దగ్గరే తీసుకోవాలా? బయట చాలా తక్కువకి దొరుకుతున్నాయి కదా!" ఫ్లోరిడాలో ఉంటున్నాను కాబట్టి ఈ సంగతులన్నీ నాకు తెలిసుంటాయని వాళ్ల నమ్మకం.

నా జవాబు ఎప్పుడూ ఒకటే: రేవును బట్టి. వారం రోజుల క్రూజ్‌లో మూడు నాలుగు చోట్ల దిగుతాం. అన్నింటికీ కలిపి ఒకే నిర్ణయం తీసుకుంటే డబ్బన్నా వృథా అవుతుంది, టెన్షనన్నా మిగులుతుంది. మీరు వెళ్లాలనుకున్న చోటుకీ ఓడకీ మధ్య ఏముందో చూడండి. నడకేనా, రోడ్డుందా, సముద్రముందా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మిగతా సగం మీతో వచ్చేవాళ్లని బట్టి ఉంటుంది.

దానికంటే ముందు వీసా సంగతి. షిప్‌లో పక్కవాళ్లు పాస్‌పోర్టు లేకుండా బర్త్ సర్టిఫికెట్‌తో వెళ్లొస్తున్నారని మీరు ధైర్యం చేయొద్దు, ఆ వెసులుబాటు అమెరికా పౌరులకి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయినా, 30 రోజుల్లోపు ప్రయాణమైతే అమెరికాలోకి తిరిగి రానిచ్చే నియమం ఒకటుంది. షరతులకు లోబడి ఎఫ్1 (విద్యార్థి), జె1 (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకి అది కరేబియన్ దీవులకి కూడా వర్తిస్తుంది, క్యూబా తప్ప. హెచ్1బి వాళ్లకి మాత్రం కెనడా, మెక్సికోల వరకే. ఈ తేడా తెలియక బహామాస్ క్రూజ్ బుక్ చేసుకుని, తర్వాత డబ్బులు వదులుకున్నవాళ్లు ఉన్నారు. అమ్మానాన్నలని తీసుకెళ్తుంటే, క్రూజ్ నుంచి వచ్చాక అమెరికాలో ఉండటానికి వాళ్లకిచ్చిన ఆరు నెలల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందన్న లెక్క పెట్టుకోకండి.

ఇక టూర్ల సంగతి. షిప్ వాళ్ల టూర్‌లో మీరు కొనేది ముఖ్యంగా తిరుగు ప్రయాణానికి పూచీ. ఆ టూర్ బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఓడ ఆగుతుంది, ఆగలేకపోతే మిమ్మల్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్లే తీసుకుంటారు. సొంతంగా వెళ్లినవాళ్లకి ఆ పూచీ లేదు. చెప్పిన టైముకి ఓడ కదిలిపోతుంది. తర్వాతి దీవికి విమానం టికెట్టు, హోటలు అన్నీ మీ ఖర్చే. ఈ పూచీకి బదులుగా ఎక్కువ డబ్బు కడతాం, పెద్ద గుంపులో తిరుగుతాం. షిప్ టూర్ అంటే పెళ్లి బస్సే, బాత్రూమ్‌కి వెళ్లిన ఒక్కరి కోసం నలభై మంది ఎదురుచూస్తారు.

నడిచి చూడగల రేవుల్లో టూర్ కొనడం దండగ. ప్యూర్టోరికోలో సాన్ హువాన్ తీసుకోండి. ఓడ పాత ఊరి కాళ్ల దగ్గరే ఆగుతుంది. రాళ్లు పరిచిన వీధుల్లో నడుచుకుంటూ 1539లో కట్టడం మొదలైన ఎల్ మోరో కోటకి వెళ్లొచ్చు. 10 డాలర్ల టికెట్టుతో సాన్ క్రిస్టోబల్ కోట కూడా చూడొచ్చు, 15 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి ఉచితం. అమెరికా భూభాగమే కాబట్టి చాలా ప్లాన్లలో ఫోను మామూలుగానే పనిచేస్తుంది. అక్కడ గైడు వెనక జెండా చూసుకుంటూ నడవాల్సిన అవసరం నాకు కనపడదు. కురసావ్‌లో విల్లెంస్టాడ్ కూడా అంతే, నీటి మీద తేలే క్వీన్ ఎమ్మా వంతెన దాటుతూ, రంగురంగుల ఇళ్లు చూస్తూ పూట గడిచిపోతుంది. బహామాస్‌లోని నాసావ్‌లో సున్నపురాయిలో బానిసల చేత తొలిపించిన క్వీన్స్ స్టెయిర్‌కేస్‌కీ, జుంకానూ బీచ్‌కీ నడిచే వెళ్లొచ్చు.

టాక్సీ దూరంలో ఉన్నవి కూడా సొంతంగా చేసుకోదగ్గవే. యూఎస్ వర్జిన్ దీవుల్లోని సెయింట్ థామస్‌లో టాక్సీ రేట్లు ప్రభుత్వం నిర్ణయించినవి, మనిషికి ఇంత అని. వెనక బెంచీలు వేసిన ట్రక్కుల్లాంటి సఫారీ టాక్సీలెక్కి మేగెన్స్ బేకి వెళ్తే పిల్లలకి ఆ ప్రయాణమే సరదా. కారు అద్దెకి తీసుకుందామనే హుషారుబాబులకి ఒక హెచ్చరిక. అక్కడ రోడ్డుకి ఎడమవైపు నడపాలి, మనకి అలవాటేగా అనుకుంటాం. కానీ కార్లు అమెరికా నుంచి వచ్చినవి, స్టీరింగ్ కూడా ఎడమవైపే ఉంటుంది! కొండ మలుపుల్లో ఆ కొత్త అలవాటు నేర్చుకోవడం ఎందుకు చెప్పండి?

సెయింట్ మార్టెన్‌లో నెత్తిమీద నుంచే విమానాలు దిగుతున్నట్టుండే మాహో బీచ్‌కి అందరూ పరిగెడతారు. దూరం తక్కువే, కానీ దారిలో సింప్సన్ బే వంతెన పడవల కోసం తెరిస్తే రోడ్డు మీద బండ్లన్నీ నిలిచిపోతాయి. సొంతంగా వెళ్లండి, పొద్దున్నే వెళ్లి తొందరగా తిరిగొచ్చేయండి. మిగిలిన టైములో ఫిలిప్స్‌బర్గ్ ఫ్రంట్ స్ట్రీట్‌లో తిరగండి. నగల దుకాణాల్లో సింధీ వ్యాపారులు హిందీలో పలకరిస్తారు, ఆ ఆప్యాయతకి మురిసిపోయి బేరం ఆడటం మాత్రం మర్చిపోకండి.

మధ్యలో సముద్రముంటే నేను షిప్ టూరే తీసుకోమంటాను. మెక్సికో దీవి కోజుమెల్‌లో దిగి తులుమ్‌లోని మాయా శిథిలాలు చూడాలని చాలామందికి ఉంటుంది. తులుమ్ ఆ దీవిలో లేదు. ఫెర్రీలో సుమారు ముప్పావుగంట ప్రయాణం చేసి ప్లాయా దెల్ కార్మెన్ చేరాలి, అక్కడి నుంచి ఇంకో గంట రోడ్డు, మళ్లీ ఇదంతా వెనక్కి. అలలు ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు. అంత దూరం సొంతంగా వెళ్లడం నాకు నచ్చదు. శిథిలాలు చూస్తే చాలనుకుంటే కోజుమెల్‌లోనే ఇష్చెల్ అనే దేవతకి పుణ్యక్షేత్రంగా ఉండిన సాన్ హెర్వాసియో ఉంది, టాక్సీలో వెళ్లి రావచ్చు. బెలీజ్‌లో నీళ్లు లోతు లేక పెద్ద ఓడలు మైళ్ల దూరంలో ఆగుతాయి, చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు. అక్కడి నుంచి గుహల్లో ట్యూబింగ్‌కి, అంటే గాలి ట్యూబు మీద తేలుతూ వెళ్లడానికి, పోవాలంటే మళ్లీ రోడ్డు ప్రయాణం. అది కూడా షిప్ వాళ్లకే వదిలేయండి.

ఒక్కోసారి చూసే చోటు ఒకటే అయినా జవాబు మారుతుంది. జమైకాలో డన్స్ రివర్ జలపాతం ఓచో రియోస్ రేవుకి దగ్గర, టాక్సీ చాలు. అదే మీ ఓడ ఫాల్మత్‌లో ఆగితే సుమారు గంట రోడ్డు ప్రయాణం. బుక్ చేసేటప్పుడు "జమైకా" అని కాకుండా రేవు పేరు చూసుకోండి.

గ్రాండ్ కేమన్‌లో కూడా ఓడ సముద్రంలోనే ఆగుతుంది. షిప్ టూర్ వాళ్లని ముందు దింపుతారు, మిగతావాళ్లు ఒడ్డుకి చేర్చే చిన్న టెండర్ పడవ కోసం వరసలో ఉండాలి. పొద్దున ఎనిమిదిన్నరకి, స్టింగ్‌రే చేపల మధ్య నీళ్లలో నిలబడే చోటైన స్టింగ్‌రే సిటీకి వెళ్లే పడవ బయట బుక్ చేసుకుంటే అందుకోవడం కష్టం, కాస్త ఆలస్యంగా బయలుదేరేది చూసుకోండి. గాలి ఎక్కువుంటే ఓడ ఆ రేవునే వదిలేసి వెళ్లిపోతుంది. అప్పుడు షిప్ టూర్ డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది, బయటివాళ్లయితే ఓడ రాకపోతే వాపసు అని రాతపూర్వకంగా ఉండాలి.

టైము విషయంలో ఫోనుని నమ్మొద్దు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కోజుమెల్, జమైకా, కేమన్‌లలో ఎండాకాలం గడియారం మార్చరు. జూలైలో మయామీలో నాలుగున్నర అయితే అక్కడ మూడున్నరే. ఓడ మయామీ టైమే పాటిస్తుంటే, ఎక్కాల్సిన గడువు నాలుగున్నర అయినప్పుడు మీ ఫోను మూడున్నర చూపించి "ఇంకా గంట ఉందిలే" అనిపిస్తుంది. కొన్ని ఓడలు గడియారం మారుస్తాయి, కొన్ని మార్చవు. దిగే ముందు షిప్ టైము ఎంతో అడిగి, మామూలు చేతి గడియారంలో అదే పెట్టుకోండి. సొంతంగా తిరిగేటప్పుడు గడువుకి కనీసం గంటన్నర ముందే రేవులో ఉండండి.

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. షిప్ టూర్ మనిషికి ఇంత, వ్యాన్ బండికి ఇంత. పది మంది ఉంటే చాలాసార్లు డ్రైవరుతో సహా వ్యాన్ మాట్లాడుకోవడమే చౌక, పైగా చంటిపిల్ల నిద్రపోతే ఆగొచ్చు, మామయ్యగారికి మోకాలు నొప్పెడితే వెనక్కి తిరగొచ్చు. మాట్లాడుకునేటప్పుడు రేటు మనిషికా, బండికా, రానూపోనూ కలిపా అని అడగండి. ఏ డాలరో కూడా అడగండి! కేమన్ డాలరు అమెరికా డాలరు కంటే విలువైనది, బెలీజ్ డాలర్లు రెండిస్తే ఒక అమెరికా డాలరు, ఈస్టర్న్ కరేబియన్ డాలర్లయితే 2.70. చిల్లర నోట్లు దగ్గరుంచుకుని, దిగాకే డబ్బివ్వండి.

మనవాళ్లలో ఈత రానివాళ్లు ఎక్కువ, టూర్ వివరాల్లో "సులువు" అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. స్టింగ్‌రే సిటీ ఇసుక తిన్నె మీద నీళ్లు నడుము లోతే, లైఫ్ జాకెట్ వేసుకుంటే భయం లేదు. డన్స్ రివర్‌లో మాత్రం జారే రాళ్లు ఎక్కాలి, అరవై దాటిన అమ్మానాన్నలకి నేను వద్దంటాను. తిండి సంగతి కూడా ముందే చూసుకోవాలి. టూర్‌లో భోజనం ఉందంటే అది శాకాహారం అని కాదు, ముందే రాసి అడగండి. షిప్‌లో వండినవీ, పళ్లూ ఒడ్డుకి తీసుకెళ్లనివ్వరు, సీలు తీయని బిస్కెట్లూ మిక్చరూ సాధారణంగా ఫర్వాలేదు.

పాస్‌పోర్టు తీసుకెళ్లాలా అని అడుగుతారు. దగ్గర్లో తిరిగితే రూములో లాకర్లో పెట్టి, షిప్ కార్డూ, ఫొటో ఉన్న వేరే ఐడీ, పాస్‌పోర్టు కాపీ పట్టుకెళ్లండి. సొంతంగా దూరం వెళ్తే మాత్రం అసలుదే ఉంచుకోమంటాను. ఓడ తప్పిపోతే విమానం ఎక్కడానికి అదే కావాలి, మన వీసా స్టాంపు ఉన్నది కూడా అందులోనే.

జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం, రేవులు మారిపోతుంటాయి. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు బయట టూర్లకి ముందే మొత్తం డబ్బు కట్టకండి, కొద్దిగా అడ్వాన్సు తీసుకునేవాళ్లని చూసుకోండి. షిప్ టూర్లకి కూడా రద్దు చేసుకునే గడువు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కార్డు గీకే ముందు అది చదవండి.