ముత్తాత ఇత్తడి బిళ్ళ

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. ఉద్యోగం వల్ల కావలిలో స్థిరపడ్డాం. మా ముత్తాత (మా నాయనకు తాత) కమ్మరి. ఊళ్ళో కొలిమి తమ్ముడికి వదిలేసి బొంబాయి వెళ్ళి, నేవీ డాకులో లంగర్లు కొట్టేవాడని మా అవ్వ చెప్పేది. మనిషి మళ్ళీ తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలింది ఒక ఇత్తడి బిళ్ళ. పైన చిల్లు, మధ్యలో 614 అంకె, దాని కింద ఇంగ్లీషులో ఆర్.ఐ.ఎం. అని మూడక్షరాలు. మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు పెట్టి అక్కడి నేవీ రికార్డుల్లో వెతుకుతానంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయిని సెలవు దాచుకోమనండి. సంక్రాంతికి ఇంటికి రావడానికి పనికొస్తుంది.

మీ బిళ్ళ చాలా సంగతులు చెబుతోంది. ఆర్.ఐ.ఎం. అంటే రాయల్ ఇండియన్ మెరైన్. ఆ పేరు 1892లో వచ్చింది, 1934లో రాయల్ ఇండియన్ నేవీగా మారింది. అంటే మీ ముత్తాత అక్కడ పనిచేసింది ఆ 42 ఏళ్ళలోనే. ‘నేవీ’ అన్నది మీ అవ్వ నోట్లోకి తర్వాత వచ్చిన మాట అయ్యుంటుంది. ఇంకో సంగతి. ఈ మెరైన్‌కి డాక్‌యార్డులు రెండు. ఒకటి బొంబాయిలో, రెండోది కలకత్తా కిద్దర్‌పూర్‌లో. పల్లెలో ఉన్నవాళ్ళకు రైలెక్కి వెళ్ళిన ఏ ఊరైనా బొంబాయే. కాబట్టి కలకత్తాను ఇప్పుడే కొట్టేయకండి.

లండన్ ఎందుకు వద్దన్నానంటే, పోర్ట్స్‌మౌత్, ఛాథం లాంటి ఇంగ్లండ్ రాజు డాక్‌యార్డుల్లో పనిచేసిన కమ్మర్ల జీతాల పుస్తకాలు లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 42 అనే వరసలో ఉన్నాయి. 1660 నుంచి 1857 దాకా. ఇంగ్లీషు వాళ్ళు తమ తాతల్ని వాటిలోనే పట్టుకుంటారు. కానీ మీ ముత్తాత కాలం అది కాదు, ఆయన యజమాని ఇంగ్లండ్ నౌకాదళమూ కాదు. రాయల్ ఇండియన్ మెరైన్ మన దేశ సర్కారుది. ఆ కాగితం ఉంటే గింటే ఇక్కడే ఉండాలి.

ఇక నా తెలివితక్కువతనం చెప్తాను, మీకు పనికొస్తుంది. నేను ఒంగోలులో రికార్డు కీపరుగా రిటైరయ్యాను. మా పెద్దతాత కూడా డాకులో సమ్మెట పట్టినవాడే. రికార్డులు మనకు కొట్టిన పిండి కదా అని ధీమాగా ముంబయి వెళ్ళాను. మహారాష్ట్ర రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మెరైన్ శాఖ సంపుటాలున్నాయి. తొమ్మిది రోజులు దుమ్ము దులిపాను. మా ఇంటిపేరు ఒక్కచోటా లేదు. తుమ్ములు మాత్రం వచ్చాయి.

తిరిగొచ్చాక సింగరాయకొండలో మా మేనత్త ఇంట్లో జవాబు దొరికింది. పాతకాలపు ఇళ్ళలో కాగితాలు ఇనుప కమ్మికి గుచ్చి దూలానికి వేలాడేసేవాళ్ళు, గుర్తుందా? ఆ కమ్మికి నాలుగు మనియార్డరు కూపన్లున్నాయి. పంపినవాడి పేరు చూస్తే, మొదట తన పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ‘లోహార్’, అంటే కమ్మరి. ఇంటిపేరు ఊసే లేదు. అక్కడి పద్ధతిలో అక్కడి గుమస్తా రాశాడు. రెండోసారి వెళ్ళినప్పుడు అదే పేరుతో అడిగాను. మూడో రోజు ఒక జీతాల పెంపు ఫైల్లో కనిపించాడు. పని ‘హ్యామర్‌మన్’ అని ఉంది, బ్లాక్‌స్మిత్ అని కాదు.

అందుకని మీరూ ‘కమ్మరి’ అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చోవద్దు. ఊళ్ళో ఒకే మనిషి కర్రు కాల్చి, కొడవలికి పదును పెట్టి, బండి చక్రానికి పట్టా ఎక్కిస్తాడు. డాకులో ఆ పనిని ముక్కలు చేశారు. ఇనుము పట్టుకుని తిప్పేవాడు స్మిత్. ఎదురు నిలబడి సమ్మెట వేసేవాడు హ్యామర్‌మన్ లేదా స్ట్రైకర్. రివెట్లు కొట్టేవాడు వేరు, బాయిలర్ల పనివాడు వేరు. లంగర్ల మాట కూడా కొంచెం తగ్గించుకుని వినండి. తెరచాప ఓడల రోజుల్లో ఇనుప కడ్డీలను కట్టగట్టి, కాల్చి, కొట్టి అతికించి టన్నుల బరువు లంగరు చేసేవాళ్ళు. 1840ల్లో ఆవిరి సమ్మెట వచ్చాక ఆ మోటు పని యంత్రానికి పోయింది. మీ ముత్తాత గొలుసు లంకెలు, కొక్కేలు, బాయిలర్ కడ్డీలు సాగదీసి ఉంటాడని నా ఊహ. అదేం తక్కువ పని కాదు.

అసలు వేట మీ ఊళ్ళోనే మొదలవ్వాలి. తండ్రి పేరు తెలియకుండా ముంబయి వెళ్తే నాకు పట్టిన గతే పడుతుంది. కమ్మరికి ఊరివాళ్ళు కల్లంలో ఇచ్చే మేర గింజలే కాదు, చాలా ఊళ్ళలో మాన్యం ఉండేది. ఆ మాన్యాలన్నీ 1858 తర్వాత ఇనాం కమిషన్ విచారించి రాసింది. దాన్నే ఇనాం ఫెయిర్ రిజిస్టరు అంటాం. భూమి ఎవరికి మొదట ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ళ మధ్య చుట్టరికమేమిటి అన్నీ గళ్ళల్లో ఉంటాయి. మీ ముత్తాత పుట్టకముందు రాసింది గనుక అందులో ఆయన తండ్రో తాతో తగలాలి. తర్వాతి తరానికి, పొలాలకు శిస్తు కట్టి రాసిన సెటిల్‌మెంటు రిజిస్టరు చూడండి. మా ఆఫీసుల్లో డైగ్లాట్ అంటే చాలు, తెస్తారు. మాన్యం ఊరికి చేసే పనికి ఇచ్చింది. కాబట్టి అన్న వెళ్ళిపోయి తమ్ముడు కొలిమి పట్టినప్పుడు పేచీ వచ్చి ఉంటే, 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం కింద ఆ తగాదా రెవెన్యూ వాళ్ళ దగ్గరికి చేరి ఉండొచ్చు. అన్నదమ్ములు కొట్టుకుంటే మనలాంటి వాళ్ళకు మంచిది, కాగితాలు మిగులుతాయి.

దరఖాస్తులో జిల్లా పేరు జాగ్రత్త. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ ఏడు ఒంగోలు జిల్లాలోకి వచ్చింది, దానికే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరుకు వెళ్ళింది. పాత కాగితం మీద ఎప్పుడూ ‘నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా’ అనే ఉంటుంది. ఒక ఆఫీసులో లేదంటే రెండో ఆఫీసులో అడగండి. రెండు చోట్లా లేదంటే చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది. 1953 దాకా మనం మద్రాసు కిందే కదా. మీ ఊరు వెంకటగిరి సంస్థానం కిందిదైతే మాత్రం లెక్క వేరు, అప్పుడు మళ్ళీ రాయండి.

ఇంటిపేరుతో పాటు గోత్రం కూడా రాసి పెట్టుకోండి. కమ్మరి పని మను బ్రహ్మ వంశానిది, గోత్రం సానగ అంటారు. పెద్దవాళ్ళలో ఎవరికైనా రుంజ వాయించే వాళ్ళు ఇంటికి వచ్చిన గుర్తుంటే వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చేవారో కనుక్కోండి. విశ్వబ్రాహ్మణుల ఇళ్ళకే వచ్చి, విశ్వకర్మ కథ పాడి, వంశాలు చెప్పేవాళ్ళు వాళ్ళు. 614 అంకె మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. హాజరు బిళ్ళ నంబరు మనిషితో పోదు, వెనకాల వచ్చినవాడికి వెళ్తుంది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాక ఒక అనుమానం పట్టుకుంది. పనివాడు పొద్దున గేటు దగ్గర చూపించే బిళ్ళ అది. మీ ముత్తాత తిరిగి రాలేదంటున్నారు. మరి బిళ్ళ కందుకూరు దాకా ఎలా వచ్చింది? ఒకసారైనా ఆయనే వచ్చి వెళ్ళాడా, లేక పక్కూరివాడెవడైనా ఆయన సామాను తెచ్చి ఇచ్చాడా? మీ అవ్వ పుట్టింటివైపు వాళ్ళలో ముసలివాళ్ళెవరైనా ఉంటే, వచ్చే ఆదివారమే వెళ్ళి ఇదొక్కటి అడిగి రండి.